మీ స్టాఫ్‌రూములో జెన్ జీ ఎవరు?

ప్రశ్న: ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. హెడ్మాస్టరు పోస్టు ఖాళీగా ఉండడంతో ఇన్‌చార్జి బాధ్యత కూడా నా నెత్తినే పడింది. సర్టిఫికెట్ ప్రకారం 1972లో పుట్టాను. 98 డీఎస్సీలో, అంటే ఆ ఏటి టీచర్ల ఎంపిక పరీక్షలో వచ్చాను. 2024 అక్టోబరులో మా బడికి ఇద్దరు కొత్త టీచర్లు వచ్చారు. లెక్కల సారుకు అప్పటికి 41 ఏళ్ళు, పదిహేనేళ్ళు ప్రైవేటు బళ్ళలో చేసి వచ్చారు. ఇంగ్లిష్ టీచరుకు 24. ఆ అమ్మాయితోనే నాకు చిక్కు. పాఠం బాగా చెబుతుంది, కాదనను. కానీ రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో ఏదైనా వివరం అడిగితే పొద్దున్నే గాని పలకదు. (లెక్కల సారూ అంతే, కానీ పాపం ఆయన రోజూ రానుపోను నూట ఇరవై కిలోమీటర్లు బస్సులో తిరుగుతారు, ఇంటికి చేరేసరికి ఒళ్ళు హూనమవుతుంది.) ఆదివారం పదో తరగతికి ప్రత్యేక తరగతి పెట్టమంటే ‘సీసీఎల్ (సెలవు రోజు పనికి బదులు సెలవు) ఇస్తారా మేడమ్’ అంది. మా రోజుల్లో అలా అడగడానికి నోరు వచ్చేది కాదు. ఒకరోజు పిల్లల ముందే ‘అది మీ కాలంలో మేడమ్’ అనేసింది. ఈమధ్య జిల్లా కేంద్రంలో జరిగిన శిక్షణలో బూమర్లు, జెన్ ఎక్స్, మిలీనియల్స్, జెన్ జీ, ఆల్ఫా అంటూ, పుట్టిన ఏడును బట్టి తరాలకు పేర్లు పెట్టిన పట్టిక ఒకటి తెర మీద చూపించారు. జెన్ జీకి నిబద్ధత తక్కువట, ఎప్పుడూ మెప్పు కావాలట, ఉద్యోగాలు మారతారట. ఆల్ఫా పిల్లలకు ఏకాగ్రతే ఉండదట. చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే అనిపించింది, ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి పెళ్ళి మాట ఎత్తితే చాలు, ‘నువ్వు బూమర్‌వి అమ్మా’ అని ఫోను పెట్టేస్తాడు. ఈ పేర్లలో నిజమెంత? ఈ తరం పిల్లతో ఎలా వేగాలి?
– పేరు వద్దన్న ఒక టీచరు

సమాధానం: మేడమ్ గారూ, ఇంగ్లిష్ టీచరు సంగతి కాసేపు పక్కన పెట్టి, బ్రాకెట్లలో మీరే రాసిన ఆ వాక్యం మళ్ళీ చదవండి. రాత్రి మెసేజీకి లెక్కల సారు పలకరు, కారణం బస్సు. ఇంగ్లిష్ టీచరు పలకదు, కారణం తరం. ఇద్దరూ చేసింది ఒకే పని. ఆయన ఎంత దూరం నుంచి వస్తారో మీకు కిలోమీటర్లతో సహా తెలుసు. ఆ అమ్మాయి ఏ ఊరి నుంచి వస్తుందో, అద్దె గదిలో ఉంటుందో అమ్మానాన్నల దగ్గర ఉంటుందో, ఇంటికెళ్ళాక ఎవరికి వండి పెట్టాలో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. శిక్షణలో దొరికిన పేరు ఆ ఖాళీని పూడ్చేసింది. ఈ పేర్ల మీద నా మొదటి ఫిర్యాదు ఇదే. అడగవలసిన ప్రశ్న అడగకముందే జవాబు చేతికి వచ్చేసినట్టు ఉంటుంది.

తరాల మధ్య తేడాలే లేవని నేను అనబోవడం లేదు. ఉన్నాయి, కొన్నిచోట్ల కత్తితో కోసినంత స్పష్టంగా ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో చెప్పేముందు, మీకు చూపించిన గీతలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. సాంఘికశాస్త్రం చెప్పేవారు కాబట్టి కాస్త చరిత్ర తిరగేస్తే విసుక్కోరనే ధైర్యం.

రెండో ప్రపంచయుద్ధం ముగిసి సైనికులు ఇళ్ళకు చేరాక, 1946 నుంచి అమెరికాలో జననాలు ఒక్కసారిగా పెరిగాయి. ఆ జోరు 1964 దాకా సాగి తగ్గుముఖం పట్టింది. ఆ మధ్యకాలంలో సుమారు ఏడున్నర కోట్ల మంది పుట్టారు. వాళ్ళకు మొదట బళ్ళు చాలలేదు, తర్వాత కాలేజీలు చాలలేదు. బేబీ బూమర్లంటే వాళ్ళు. జననాల రిజిస్టరు తెరిస్తే కంటికి కనిపించే గీత అది. అమెరికా జనగణన శాఖ అధికారికంగా గుర్తించిన తరం కూడా అదొక్కటే. జపానులో అలాంటి పెరుగుదల 1947 నుంచి 1949 దాకా మూడేళ్ళపాటు వచ్చి పోయింది. దక్షిణ కొరియాలో కొరియా యుద్ధం తర్వాత 1955లో మొదలై 1963 దాకా నడిచింది. మన దేశంలో అసలు రానేలేదు. మన దగ్గర జననాలు అంతకుముందూ ఎక్కువే, ఆ తర్వాతా ఎక్కువే. తగ్గినవి మరణాలు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి సగటు ఆయుర్దాయం ముప్ఫై రెండేళ్ళ దగ్గర ఉన్న దేశం మనది. మలేరియా, మశూచి, కలరా వెనక్కి తగ్గిన కొద్దీ పుట్టిన పిల్లలు బతికి బట్టకట్టారు. జనాభా అలా పెరిగింది. ఆ లెక్కన మీ నాన్నగారిని కూడా బూమర్ అనడం కుదరదు, ఇక మీ మాట ఎందుకు?

మిగతా పేర్లకు ఆ మాత్రం ఆధారమూ లేదు. జెన్ ఎక్స్ అనే పేరు 1991లో ఒక కెనడా రచయిత నవలతో వాడుకలోకి వచ్చింది. మిలీనియల్ అనే పేరును అదే ఏడాది విలియం స్ట్రాస్, నీల్ హౌ అనే ఇద్దరు అమెరికన్ రచయితలు తమ పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చారు. చరిత్ర అంతా నాలుగు రకాల తరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చే చక్రమని వాళ్ళ వాదం. మనకు ప్రభవ, విభవ అని అరవై ఉన్నాయి కదా, వాళ్ళు నాలుగుతో సరిపెట్టుకున్నారు. ఆ తర్వాత ఎక్స్ పక్కన వై, వై పక్కన జెడ్ వచ్చి చేరాయి. ఇంగ్లిష్ అక్షరాలు అయిపోతే గ్రీకు ఆల్ఫాతో మళ్ళీ మొదలుపెట్టారు. అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 1981 నుంచి 1996 దాకా పుట్టినవారు మిలీనియల్స్ అని, 1997 నుంచి జెన్ జీ అని గీత గీసింది. ఆ గీత అక్కడే ఎందుకు పడిందనేదానికి వాళ్ళు చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి, 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాల మీద జరిగిన దాడి. అది గుర్తుండే వయసున్నవాళ్ళు ఒకవైపు, ఊహ తెలియనివాళ్ళు మరోవైపు. అమెరికా పిల్లల విషయంలో సబబే అనుకుందాం. మీ మండలంలో 1996లో పుట్టిన కుర్రాడికీ, 1997లో పుట్టిన వాడి తమ్ముడికీ మధ్య ఆ గోడ ఎవరు కట్టినట్టు?

అమెరికాలోనైనా ఈ గీతలు నిలిచాయా అంటే అదీ లేదు. 2021లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ సామాజికశాస్త్ర ఆచార్యుడు ఫిలిప్ కోహెన్ ఈ పేర్లు వాడడం మానండని ప్యూ సంస్థకు బహిరంగ లేఖ రాస్తే, వందకు పైగా పరిశోధకులు దాని మీద సంతకాలు చేశారు. 2023లో ఆ సంస్థ తన పద్ధతి మార్చుకుంటున్నానని, ఇకమీదట నిజంగా అవసరమనిపిస్తేనే ఈ పేర్లు వాడతానని ప్రకటించింది. గీత గీసినవాళ్ళు చెయ్యి వెనక్కి తీసుకున్నాక ఆ పట్టిక మీ జిల్లా కేంద్రానికి చేరింది. మన శిక్షణలకు సరుకు ఎప్పుడూ ఆలస్యంగానే దిగుతుంది.

ఇక పట్టికలో రాసిన గుణగణాల మాట. 2012లో డేవిడ్ కోస్టాంజా అనే పరిశోధకుడి బృందం అప్పటిదాకా జరిగిన 20 అధ్యయనాలను, సుమారు ఇరవై వేలమంది వివరాలను కలిపి పరిశీలించింది. ఉద్యోగంలో సంతృప్తి, సంస్థ పట్ల నిబద్ధత, మానేసి వెళ్ళిపోవాలనే ఉద్దేశం, ఈ మూడింటిలోనూ తరాల మధ్య తేడాలు స్వల్పమే, చాలాచోట్ల సున్నాతో సమానం. 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు ఇదే విషయం మీద నివేదిక వెలువరించి, ఉద్యోగులను నడిపించడానికి ఈ తరాల విభజన పనికొస్తుందనడానికి పరిశోధనల మద్దతు లేదని తేల్చాయి. అంత దూరం ఎందుకు, మీ బడికే రండి. తెలంగాణలో 2017 టీఆర్‌టీ (డీఎస్సీ లాంటి టీచర్ల ఎంపిక పరీక్షే) నోటిఫికేషన్ తర్వాత మళ్ళీ టీచరు పోస్టుల భర్తీకి దాదాపు ఏడేళ్ళు పట్టింది. 2023లో 5,089 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, రద్దు చేసి, 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులకు మళ్ళీ ఇచ్చారు. ఇన్నాళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసి వచ్చినవాళ్ళు ఉద్యోగాలు మారతారని పట్టిక చెబుతోంది! నిజమే, కొందరు గురుకులానికో, జూనియర్ లెక్చరర్ పోస్టుకో, గ్రూప్స్‌కో వెళ్ళిపోతారు. పరీక్షలన్నీ ఒకేసారి రాస్తే ఫలితాలు ఒక్కొక్కటిగా వస్తాయి కాబట్టి వెళతారు. మీ 98 డీఎస్సీలో చేరి, తర్వాత గ్రూప్-2 కొట్టి ఎమ్మార్వో ఆఫీసుకో, రిజిస్ట్రేషన్ ఆఫీసుకో వెళ్ళినవాళ్ళు మీకు ఒక్కరైనా తెలియరా? అప్పుడు వాళ్ళను మనం ‘పైకొచ్చాడు’ అన్నాం.

ఈ చిక్కుకు మూలం లెక్కలోనే ఉంది. లెక్కల సారుకు వినిపించండి, ఆయనకు నచ్చుతుంది. మనిషి ప్రవర్తన మీద మూడు పనిచేస్తాయి: వయసు, నడుస్తున్న కాలం, పుట్టిన సంవత్సరం. నడుస్తున్న సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేస్తే వయసు వస్తుంది. అంటే రెండు తెలిస్తే మూడోది దానంతటదే తేలిపోతుంది, విడిగా నిలబడదు. మూడు చెంబుల నీళ్ళు ఒకే బిందెలో పోసి, ఏ నీళ్ళు ఏ చెంబువో చెప్పమన్నట్టు ఉంటుంది. ఇంగ్లిష్ టీచరు ఖాళీ పీరియడులో ఫోను చూస్తుంది అనుకోండి. 24 ఏళ్ళ వయసు వల్ల చూస్తోందా? అందరూ చూసే కాలం కాబట్టి చూస్తోందా? 2000లో పుట్టినందువల్ల చూస్తోందా? ఒక్క రోజు స్టాఫ్‌రూములో కూర్చుని తేల్చలేరు. ఒక్క మాట మాత్రం అడుగుతాను, ఏమీ అనుకోకండి. రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో మెసేజీ పెట్టింది 1972లో పుట్టినావిడ కదా?

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర నేలకు దిగినప్పుడు మీకు 44, ఆ అమ్మాయికి 16. చౌక డేటా ఇద్దరి చేతికీ ఒకే నెలలో వచ్చింది. మీకు అది బడి పనిని ఇంటి దాకా తెచ్చింది, ఆమెకు ఇంటర్ పాఠాన్ని అరచేతిలో పెట్టింది. ఒకే సంగతి వేర్వేరు వయసుల్లో తగిలితే వేర్వేరు ముద్రలు వేస్తుంది. తరం అనే ఆలోచనలో నిలబడే భాగం ఇదేనని నా అభిప్రాయం. కార్ల్ మాన్‌హైమ్ అనే సామాజికశాస్త్రవేత్త 1928లోనే దీన్ని చక్కగా విడదీశాడు. ఒకే ఏట పుట్టినంత మాత్రాన ఒక తరం కారు, ఒకే చారిత్రక ఘటనల్లో పాలుపంచుకున్నవాళ్ళే అవుతారు అన్నాడు. 1800 ప్రాంతంలో చైనా యువకుడూ జర్మనీ యువకుడూ ఒక తరం కారు. అంతేకాదు, ఆనాటి ప్రష్యాలోనే పట్నం కుర్రాళ్ళను కదిలించిన మార్పులు సోకని మారుమూల రైతుబిడ్డలు ఆ పట్నం కుర్రాళ్ళ తరంలోకి రారు. దీన్ని మీ జిల్లాకు తెచ్చుకుంటే, 1947లో ఇరవై ఏళ్ళున్న గుంటూరు యువకుడికి స్వాతంత్ర్యం ఆగస్టు 15న వచ్చింది. నల్గొండలో అదే వయసువాడికి అప్పటికింకా రజాకార్ల కాలం. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చేదాకా నిజాం పాలన పోలేదు. ఇద్దరూ తెలుగువాళ్ళే, ఇద్దరిదీ ఒకే ఈడు, అయినా ఒక తరం అంటారా? మన పల్లెల్లో పెద్దవాళ్ళు పుట్టిన ఏడు చెప్పరు. రజాకార్ల గొడవలప్పుడు చంకలో ఉన్నాననో, దివిసీమ ఉప్పెన ఏడాది పెళ్ళయిందనో చెబుతారు. పట్టికల కంటే నాకు వాళ్ళ లెక్క మీదే నమ్మకం ఎక్కువ.

పుట్టిన ఏడు అన్నానుగనుక ఇంకో ముక్క. ‘సర్టిఫికెట్ ప్రకారం 1972’ అని మీరే రాశారు. ఆ మూడు అక్షరాల ‘ప్రకారం’ వెనక ఏముందో టీచర్లందరికీ తెలుసు. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి అయిదేళ్ళు నిండాలి కాబట్టి హెడ్మాస్టరు వేళ్ళు మడిచి జూన్‌లోనో జులైలోనో ఒక తేదీ వేసేవారు. తెలుగునాట ఎంతమందికి రెండు పుట్టినరోజులున్నాయో లెక్క లేదు, ఒకటి అమ్మ చెప్పింది, ఇంకొకటి బడి పెట్టింది. పుట్టిన సంవత్సరాన్ని పట్టుకుని గుణాలు చెప్పే శాస్త్రం, జాతకం కంటే గట్టిగా ఉండాలంటే ముందు ఆ సంవత్సరం గట్టిగా ఉండాలి కదా.

అయితే కోసినంత స్పష్టమైన గీతలు ఉన్నాయన్నాను. మీ వృత్తిలోనే ఉన్నాయి. ఇద్దరు టీచర్లు కొత్తగా కలిస్తే మొదట అడిగేది ‘ఏ డీఎస్సీ?’ అని. అడిగినవాళ్ళకు ఆ ఒక్క జవాబుతో ఎన్ని తెలిసిపోతాయో చూడండి: సీనియారిటీ, పదోన్నతి ఎప్పుడు రావచ్చు, ఏ బదిలీల్లో ఎక్కడ పడి ఉంటారు, అన్నిటికీ మించి పింఛను ఉందా లేదా. 98 డీఎస్సీ అంటే ఆంధ్రలో ఇంకో కథ కూడా ఉంది. అర్హత సాధించీ ఉద్యోగం రాక ఏళ్ళకేళ్ళు తిరిగినవాళ్ళకు ఉద్యోగాలిస్తామని అక్కడి ప్రభుత్వం 2022లో నిర్ణయించింది. అప్పటికి వాళ్ళలో చాలామంది యాభై దాటారు. మిమ్మల్నీ వాళ్ళనీ కలిపి జెన్ ఎక్స్ అంటే ఏమి తెలిసింది? ఒకే పరీక్ష రాసి, ఒకరు పాతికేళ్ళ సర్వీసుతో, ఒకరు పాతికేళ్ళ నిరీక్షణతో ఉన్నారు.

పింఛను గీత ఇంకా పదును. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులందరూ సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టే కొత్త పింఛను పద్ధతి. నోటిఫికేషన్ అంతకుముందే వచ్చినా నియామకం ఆలస్యమైనందుకు 2003 డీఎస్సీ వాళ్ళు ఆ గీతకు అవతల పడిపోయి, పాత పింఛను కోసం ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరుగుతున్నారు. మీకు ఉద్యోగ విరమణ తర్వాత నెలనెలా పింఛను, దాని మీద కరువుభత్యం. కొత్తవాళ్ళిద్దరికీ మూల వేతనం, డీఏ మీద పది శాతం కోసి, ప్రభుత్వం మరో పది కలిపి మార్కెట్లో పెడుతుంది. చివర్లో ఎంత వస్తుందో అప్పటి మార్కెట్టు చెప్పాలి. మీ లెక్కల సారు 61 ఏళ్ళకు విరమణ చేసేసరికి సర్వీసు ఇరవై ఏళ్ళే. ఆయన 2006, 2008, 2012, 2017 నోటిఫికేషన్లన్నీ దాటి వచ్చిన మనిషి కావచ్చు. 2021 ఏప్రిల్లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇస్తే తీసుకున్నవాళ్ళలో ఒకరు కావచ్చు. పట్టిక ప్రకారం ఆయన మిలీనియల్, ఆ అమ్మాయి జెన్ జీ. ఉద్యోగంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే బ్యాచి, ఒకటే సీపీఎస్, ఒకటే కోత. గరిష్ఠ వయోపరిమితి 46 ఏళ్ళున్న పరీక్ష రాసి వచ్చినవాళ్ళను ‘కొత్త తరం’ అని ఒక్క మాటలో చుట్టేయడం ఎలా కుదురుతుంది?

పుట్టిన ఏడుతో పనిలేని గీతలు ఇళ్ళలోనూ ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిత్రార్జితంలో ఆడపిల్లలకు సమాన వాటా ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించలేదు. ఆ వేసవిలో పెళ్ళయిన అక్కకు లేదు, పెళ్ళికాని చెల్లెలికి ఉంది. మళ్ళీ 2005లో కేంద్ర సవరణ వచ్చేదాకా అంతే. ఆ అక్కాచెల్లెళ్ళకు ఎప్పుడైనా మాట పట్టింపు వస్తే ఏ తరం పట్టికా దాన్ని విప్పలేదు.

నన్ను అడిగితే మీ శిక్షణలో అన్నిటికంటే నష్టం చేసే ముక్క ఆల్ఫా పిల్లల ఏకాగ్రత గురించి చెప్పింది. జెన్ జీ అంటే ఆ అమ్మాయి తనను తాను కాచుకోగలదు. పిల్లలు కాచుకోలేరు. 2020 మార్చిలో మూసిన ప్రాథమిక తరగతులు మన రాష్ట్రంలో మళ్ళీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరు 1న. 2020-21లో ఒకటో తరగతిలో పేరున్న పిల్లలు ఆ ఏడాదంతా బడి గుమ్మం తొక్కలేదు. అడుగు పెట్టేసరికి కాగితం మీద రెండో తరగతి. ఆ పిల్లలు 2025-26లో మీ ఆరో తరగతికి వచ్చారు. మీ పాఠంలో ‘రాష్ట్రకూటులు’ దగ్గరో, ‘స్వాతంత్ర్యం’ దగ్గరో ఆగిపోయే పిల్లవాడు ఉంటాడు చూడండి, వాడికి ఏకాగ్రత లేదని పట్టిక అంటుంది. నేనైతే వాడికి ఒత్తులు ఎవరు నేర్పారు, ఎప్పుడు నేర్పారు అని అడుగుతాను. పలక మీద దిద్దించాల్సిన రోజుల్లో వాడు ఇంట్లో ఉన్నాడు, వాళ్ళమ్మ కూలికి వెళ్ళింది. రెండేళ్ళు చిన్నదైన వాడి చెల్లెలు కూడా పట్టికలో ఆల్ఫాయే, కానీ ఆమె ఒకటో తరగతి సరిగ్గా జూన్‌లో మొదలుపెట్టి చదువుకుంది. అన్నకు కావలసింది చెల్లెలికి అక్కర్లేదు. వాడి సమస్య తరానిది అనుకుంటే చేయగలిగింది ఏమీ లేదు. ఒత్తులది అనుకుంటే రోజూ అరగంట చొప్పున కొన్ని నెలల్లో తీరుతుంది. ఏ తరగతివాళ్ళు కరోనాలో ఏ తరగతి పోగొట్టుకున్నారో ఒక కాగితం మీద రాసి స్టాఫ్‌రూము గోడకు అంటించండి. ఏటా ఒక గడి ముందుకు జరుపుకోవచ్చు. చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశంలో ఈసారి ఆ కాగితం చూపిస్తే తోటి టీచర్లకూ పనికొస్తుంది.

‘ఈ కాలం పిల్లలు’ అనే మాట మీద 2019లో జాన్ ప్రోట్జ్‌కో, జొనాథన్ స్కూలర్ అనే ఇద్దరు చేసిన అధ్యయనం ఒకటుంది. బాగా పుస్తకాలు చదివే పెద్దవాళ్ళకు ఈ కాలం పిల్లలకు చదవడం ఇష్టం లేదనిపిస్తుందట. పెద్దల మాటకు విలువ ఇవ్వాలనే పట్టింపు ఉన్నవాళ్ళకు ఈ కాలం పిల్లలకు గౌరవం లేదనిపిస్తుందట. ఎవరికి ఏది బలమో, పిల్లల్లో అదే లోపంగా కనిపిస్తుంది. ఉపాధ్యాయ వృత్తికి ఇది ఇంచుమించు వృత్తి వ్యాధి.

ఇప్పుడు ఇంగ్లిష్ టీచరు దగ్గరికి వద్దాం. సీసీఎల్ అడగడం తప్పు కాదు. సెలవు రోజున పనిచేస్తే బదులు సెలవు ఇవ్వడం ఉన్న పద్ధతే. మీ రోజుల్లో అడగడానికి నోరు రాలేదంటే అది మీ గొప్పతనం అనుకోనక్కర్లేదు, అప్పటి హెడ్మాస్టరు గట్టివాడు అంతే. అడిగిన అమ్మాయికి ఇవ్వండి, అడగని లెక్కల సారుకు కూడా పిలిచి ఇవ్వండి. వాట్సాప్ విషయంలో, పై అధికారులు రాత్రి వివరాలు అడిగితే మీరు మాత్రం ఏం చేస్తారు, ఆ ఒత్తిడి నాకు అర్థమవుతుంది. కానీ మధ్యాహ్న భోజనం లెక్క, హాజరు లెక్క లాంటివి రోజూ అడిగేవే. సాయంత్రం గంట కొట్టేలోపు ఒక పుస్తకంలో రాయించుకుంటే రాత్రి ఎవరినీ లేపనక్కర్లేదు. నిజంగా అత్యవసరమైతే ఫోను చేస్తానని, మెసేజీకి తెల్లవారి జవాబిచ్చినా చాలునని అందరికీ ఒకే మాట చెప్పండి.

పిల్లల ముందు ‘అది మీ కాలంలో మేడమ్’ అనడం మాత్రం తప్పే. దాన్ని దాటవేయకండి. తరగతి అయ్యాక, ఎవరూ లేనప్పుడు పిలిచి, ‘నాతో పేచీ ఉంటే ఆఫీసు గదిలో పెట్టుకుందాం, పిల్లల ముందు వద్దమ్మా’ అని నేరుగా చెప్పండి. 1998లో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఆ మాటే అని ఉంటే ఎలా చెప్పేవారో అలాగే చెప్పండి. జెన్ జీ అన్న మాట మీ నోటి నుంచి రానివ్వకండి. వస్తే ఆమె ‘మీ కాలం’ అన్నదానికీ మీరన్నదానికీ తేడా ఉండదు, పేచీ అక్కడే ఇద్దరి మధ్యా నిలిచిపోతుంది. ఆ మాటయ్యాక, ఏ ఊరి నుంచి వస్తున్నావమ్మా, ఎన్ని గంటలకు ఇంటికి చేరతావు అని కూడా అడగండి. చేరి ఇన్నాళ్ళయినా ఆమె బస్సు సంగతి మీకు తెలియకపోవడం నాకు కొంచెం వింతగానే ఉంది.

మీ అబ్బాయి సంగతి సులువు. వాళ్ళ పట్టిక ప్రకారమే చూసినా బూమర్ల జాబితా 1964తో ముగిసింది, 1972లో పుట్టిన మీరు జెన్ ఎక్స్. కాబట్టి వాడి తిట్టు కూడా తప్పే. కానీ మీరు గమనించాల్సింది అది కాదు. పెళ్ళి మాట ఎత్తినప్పుడే ఆ పేరు పెడుతున్నాడు. వాడికి చెప్పడానికి ఏదో ఉంది, చెప్పడం ఇష్టం లేక ఫోను పెట్టేస్తున్నాడు. ఈసారి సంబంధాల ఊసు ఎత్తకుండా ఫోను చేసి, ‘సరే, నేను బూమర్‌నే. ఎవరినైనా చూసుకున్నావా, లేక ఇంకా కొన్నాళ్ళు ఆగమంటావా?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా మీరేమీ మాట్లాడకండి.